రెండు కిలోలు తీసేసి

మా బడి తూకం మిషను సున్నా దగ్గర నిలబడదు.
ఎవరూ ఎక్కకముందే రెండు కిలోలు చూపిస్తుంది.
స్టోర్ రూమ్ తేమ బరువో,
పోయినేడు ఎక్కి దిగిన పిల్లలు
తలా కొంచెం దానిమీద మరిచిపోయి వెళ్లారో.
ప్రతి పేరుకీ రెండు తీసేసి రాయమన్నారు హెడ్మాస్టరు.

ఉన్నదే తక్కువ. అందులోంచీ రెండు.

తొమ్మిదో తరగతి, బి సెక్షను.
కాశీబుగ్గ వైపు నుంచి గాలి వీస్తే
జీడిపిక్కలు కాల్చిన వాసన.
పిల్లల యూనిఫారాల్లోనూ అదే,
ఎన్ని ఉతుకులు ఉతికినా.

గుణవతి చెప్పులు విడిచి ఎక్కింది.
ముప్పై నాలుగు.
ముప్పై రెండని రాశాను.
"పొద్దున్న ఏటి తిన్నావే?"
"టీ, మేడం."
"టీ తినడమేటి?"
"రెండు బిస్కత్తులు ముంచినాను కదా."
నవ్వింది. వేళ్ల కొసల్లో జీడినూనె మచ్చలు.
సెలవు రోజుల్లో అమ్మ పక్కన కూర్చుని పిక్క కొడుతుంది.
గుండు ఒక డబ్బాలోకి, బద్ద ఒక డబ్బాలోకి,
నూక ఇంకో డబ్బాలోకి.
నాలుగో డబ్బా సంగతి నేనడగలేదు.

నర్సమ్మ సూది గుచ్చితే
చుక్క బయటికి రావడానికి కాసేపు ఆలోచించింది.
ఎనిమిది పాయింటు రెండు.
"పన్నెండుండాల తల్లీ," అంది నర్సమ్మ,
పరీక్షలో మార్కులు తగ్గినట్టు తల దించుకుంది పిల్ల.

గురువారం ఐరన్ మాత్ర. నా ఎదుటే మింగాలి.
ఖాళీ కడుపులో తిప్పుతాదని
దవడన దాచి, కిటికీ అవతలకి ఉమ్మేస్తారు సగంమంది.
కిటికీ కింద గోంగూర మాత్రం
ఈ ఏడు కాడ కాడకీ ఎర్రగా ఎదిగింది.

దిల్లేశు ఎక్కితే మిషను మూలిగింది.
క్లాసంతా నవ్వింది.
అరవై ఎనిమిది. రెండు తీసేశాను.
ఆ రెండు కిలోలకి సంతోషించినవాడు
బడి మొత్తానికి వాడొక్కడే.
నాన్న వీరావల్‌లో బోటు మీద, అమ్మ ఫ్యాక్టరీలో.
"గిన్నిలో అన్నం ఉంటాది మేడం,
ఒక్కడినీ వడ్డించుకోబుద్ధి కాదు."
అందుకని అయిదు రూపాయల పొట్లాలు,
రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో తుపాకులు.

ఫారంలో ఇంకా ప్రశ్నలున్నాయి.
నిద్ర ఎన్ని గంటలు? ఆకుకూర వారానికి ఎన్నిసార్లు?
ఆటలు ఆడతావా?
వెనక బెంచీ నుంచి హేమావతి చెయ్యెత్తింది:
"బిందెలు మొయ్యడం ఆటల్లో రాయాలా మేడం?"
ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం వంట తవిటమ్మ జావ గరిట తిప్పుతూ గొణిగింది:
"మాం చోడంబలి తాగితే లేనోలని నవ్వీవోరు.
ఇప్పుడు గవర్నమెంటే పోస్తంటే
ఈ గుంటలు ముక్కు మూసుకుంతన్నారు."

కుళాయి వెనక చూశాను.
గుణవతి తన గుడ్డు దిల్లేశుకిచ్చింది,
వాడు తన పొట్లం ఆ పిల్లకిచ్చాడు.
ఇద్దరి మొహాల్లోనూ బేరం గిట్టిన తృప్తి.
అరవడానికి నోరు తెరిచాను.
వాడు గుడ్డుని గోటితో మెల్లగా ఒలుస్తున్నాడు,
ఎవరో పక్కన కూర్చుని తినడం
చాన్నాళ్లకి దొరికినవాడిలా.
ఆమె వేళ్లకంటిన ఎర్రకారం నాకుతోంది,
జీడి మచ్చల మీది నుంచే.

పోషకాహారం పాఠం నాకు నోటికొచ్చు.
ఆ పూట ఒక్క వాక్యమూ రాలేదు.

నేనూ వెళ్లి గట్టు మీద కూర్చున్నాను.
దిల్లేశు లేచి నిలబడబోయాడు, వద్దన్నాను.
గుణవతి పొట్లం వీపు వెనక దాచి,
నా ఒళ్లోని రిజిస్టరు వంకా
నా ఖాళీ చేతుల వంకా చూసి
అడిగింది:

"మీరేటి తిన్నారు మేడం, పొద్దున్న?"