అయిదో బొమ్మ

డిశ్చార్జి కౌంటర్ పక్కన, మందుల కిటికీకి ఇవతల
నాదొక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ట్యాబు.
తెర మీద అయిదు ముఖాలు:
మొదటిది ఏడుస్తది,
అయిదోది పండ్లు కనిపించేటట్టు నవ్వుతది.
"మా సేవలు మీకు ఎట్లనిపించినయి?"
రోజుకు నూట ఇరవై సార్లు అడుగుత.
నూట పది వేళ్లు అయిదో బొమ్మ మీదనే.

ఆరని కుట్ల కడుపు పట్టుకొని
బోరబండ బాలమణి నవ్వే బొమ్మ నొక్కింది.
మూడు రోజులు వరండాల పండిన జంగయ్య
అదే నొక్కిండు.
ఒకామె నొక్కబోయి, ఆగి, నా చెవుల అడిగింది:
"మల్ల వారం కట్టు మార్పిచ్చుకోవాలె బిడ్డా,
ఇది సిస్టరమ్మకు కనబడ్తదా?"

నెలాఖరుకు నాలుగు పాయింట్ తొమ్మిది.
మీటింగుల సమోసాలు పంచిండ్రు.
ఏలియమ్మ సిస్టర్ ఒక్కతే ముట్టలే.
ఇరవై రెండేండ్లు ఈ వార్డుల రాత్రుళ్లు కాసిన మనిషి,
కొట్టాయం యాస ఇంకా పోని తెలుగుల అంది:
"ఇంత బాగుంటే నాకే ఒక మంచం రాసేయండి."

మర్నాటి నుంచి ట్యాబు ఒళ్లె బోర్లేసి
ఒక్కటే అడుగుడు వెట్టిన:
రాత్రి నిద్ర పట్టిందా?

హిమాయత్‌సాగర్ గేటు ఒక్కటెత్తినట్టు.

బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు,
కాలు అడ్డం వెట్టుకొని కూసున్న.
పెద్ద డాక్టరు నా మంచం కాడ నిలబడి
నా ముచ్చటే ఇంగ్లీషుల మాట్లాడి పక్క మంచానికి వోయిండు.
నా కడుపులకెల్లి ఏం తీసిండ్రో
దాని పేరన్న చెప్పరా?
ఫ్యాను గాలి నాలుగో మంచం దాకా రాదు.

జంగయ్య, కుట్లు ఇప్పించుకోను వచ్చి:
"ఆ ట్రాలీ ఉన్నదే, ఒక చక్రం కుయ్యోమంటది.
అది కదిలినప్పుడల్ల
ఎవల్నో తీస్కపోతున్నరని లెక్క వెట్టిన.
ఒక్క రాత్రిల పదకొండు మంది."

నైట్ బుక్కు తీసి చూసిన.
తొమ్మిది సార్లు దుప్పట్లు.
ఒకసారి ఆక్సిజన్ సిలిండర్.
మనిషి ఒక్కడే.

గొళ్లెం కోసం ఫైలు పెట్టినం.
రెండు నెలలు చూసి ఏలియమ్మ సిస్టరే
బేగంబజార్ల కొనుక్కొచ్చింది, మొలలతో సహా.
వార్డ్ బాయ్ ఇర్ఫాన్ తన స్కూటర్ డిక్కీలున్న గ్రీజు
చక్రానికి పూసిండు.
నాలుగో మంచం గజం జరిగింది.
హౌస్ సర్జన్ పిల్ల ఒకతి
మందుల చీటీ వెనక పిత్తాశయం బొమ్మ గీసి
"ఇదమ్మా మేం తీసింది" అంటున్నది;
ఆడోళ్లు దాన్ని మడిచి జాకెట్ల దాచుకుంటున్నరు.

ఆ నెల నాలుగు పాయింట్ ఒకటి.
"పడిపోయిందేంది?" సూపరింటెండెంట్ సారు
పెన్ను టేబుల్ మీద కొట్టిండు.
భయం తగ్గింది సార్, అన్న.
అర్థమైందో లేదో.
సమోసాలైతే రాలే.

మొన్న మహమూదా బీ.
చాదర్‌ఘాట్ మనిషి, ఊపిరితిత్తుల నీళ్లు తీపిచ్చుకొను ఇది మూడోసారి.
ట్యాబు బోర్లేసి అడిగిన.
"నిద్రా? మస్తు పట్టింది బేటీ. చప్పుడే లేదు ఈసారి."
ఆగింది.
దుపట్టా అంచు వేలికి చుట్టింది, విప్పింది.
"పక్క మంచం లలితమ్మ
రాత్రి బత్తాయి ఒలిచి నా చేతుల వెట్టింది.
తెల్లారి చూస్తే ఆ మంచానికి కొత్త దుప్పటి.
మునుపు ఆ బండి అరుస్తుండె గదా.
అరిచినా బాగుండు.
లేచి ఒక దువా చదివేదాన్ని."

అయిదు ముఖాలు నా ఒళ్లె చీకట్ల పడి ఉన్నయి.
కాయితం కోసం వెతికితే
ఎవరో మరిచిపోయిన ఎక్స్‌రే కవరు దొరికింది.
దాని మీద రాసిన:
తీస్కపోయేటప్పుడు పక్క మంచాన్ని లేపాలె.
కింద తారీకు ఏసిన.

ఇది ఏ కాలమ్‌ల ఎక్కుతదో
సిస్టర్‌ను అడగాలె.