ఆఖరి నంబరు వెనక

నా పని గెలవడం కాదు.
అందరికన్నా వెనకబడ్డ మనిషికి వెనక నడవడం,
ఆ మనిషి దాటిన ఎర్ర రిబ్బన్లు ఒక్కొక్కటీ విప్పి
జేబుల్లో కుక్కుకోవడం.
చీకటి పడేలోగా ఈ వేల్స్ కొండ మీద
పందెం జరిగిన ఆనవాలు మిగలకూడదు.
గొర్రె రిబ్బను మింగితే మాకు తిట్లు, దానికి చావు.

ఈసారి ఆఖరి నంబరు రెండువందల పదకొండు.
మెరెరిద్. బడి వంటగదిలో
ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన భుజాలు.
ఎత్తులో పరుగెత్తదు.
తొడల మీద రెండు చేతులూ ఆన్చి
పిండి పిసికినట్టు కొండని కిందికి నొక్కుతుంది.
దిగేటప్పుడు మాత్రం, అమ్మో,
బస్తాలోంచి జారిన బంగాళాదుంపలా దొర్లుకుపోతుంది,
వెనక నా మోకాళ్ళు నన్ను తిడతాయి.

ఇరవై ఒక్క కిలోమీటర్లు చదును నేల మీది లెక్క.
ఇక్కడి లెక్క వేరే:
తొమ్మిది గేట్లు, నాలుగు రాతిగోడలు,
బూటుని మింగి పాదాన్ని వదిలేసే ఒక బురద,
వాన అనీ మంచు అనీ చెప్పలేని తడి.
ఎంత దూరం అని ఆమె అడగదు.
"ఇంకెన్ని గేట్లు?" అంటుంది.

పన్నెండో కిలోమీటరు దాటాక
గుబురు వెనక ఒక గొర్రె వెల్లకిలా పడి ఉంది.
నానిన ఉన్ని బరువుకి లేవలేక
నాలుగు కాళ్ళూ ఆకాశంలో పరుగెడుతున్నాయి.
రాతిగోడ మీద ఒక కాకి, తొందర లేకుండా.
రెండువందల పది మంది ఈ దారినే పోయారు.
చూడలేదేమో.
చూసి, చేతి గడియారం చూసుకున్నారేమో.
అనడానికి నేనెవర్ని,
నేనూ రిబ్బన్నే చూస్తున్నాను.

మెరెరిద్ ఆగింది.
ఉన్నిలోకి వేళ్ళు దించి ఒక్క ఊపున తిప్పింది.
అంతటితో వదల్లేదు.
"ఇప్పుడే వదిలితే మళ్ళీ పడుతుంది" అంటూ
రెండు మోకాళ్ళ మధ్య దాన్ని నిలబెట్టి పట్టుకుంది,
దాని కాళ్ళు నేలని గుర్తుపట్టేదాకా.
తొమ్మిది నిమిషాలు. లెక్కపెట్టాను, అది నా జబ్బు.
అది కృతజ్ఞత ఏమీ చూపలేదు,
ఆమె బూటు మీద నాలుగు పెంటికలు రాల్చి పోయింది.

ఏడో గేటు దగ్గర ఇడ్వాల్, ఫ్లాస్కు, గడియారం.
పన్నెండు గంటలు దాటితే ఎవరినైనా ఆపెయ్యాలి.
పన్నెండూ ఆరు.
తీసివేత నాకొచ్చు. నోరు తెరిచాను.
ఆమె నా వైపు చూసింది. మూసేశాను.
"ఏం చెయ్యను మెరెరిద్," అన్నాడు ఇడ్వాల్,
"రూలు నాది కాదు, గేటు ఒక్కటే నాది."
ఆమె వాదించలేదు.
పిన్నీసులు నాలుగూ తీసింది,
తడిసిన నంబరు కాగితాన్ని మడతపెట్టి అతని చేతిలో ఉంచింది,
అతని టీ సగం తాగింది.
"ఇప్పుడు నేను పందెంలో లేను కదా?"
"లేవు."
"ఇది తాతల నాటి కాలిబాట. ఎవరైనా నడవొచ్చు."
గొళ్ళెం తనే తీసుకుంది.

నంబరు లేని మనిషి వెనక నడవమని
నాకెవరూ చెప్పలేదు.
వ్యాను సిద్ధంగా ఉంది, వెచ్చగా, ఇంజను ఆడుతూ.
కానీ రిబ్బన్లు ఇంకా మిగిలే ఉన్నాయి,
ఆమె వాటి వెంటే పోతోంది.
ఇంకెన్ని గేట్లని అడగడం మానేసింది.
కాసేపటికి తనే విప్పి అందివ్వసాగింది,
వెనక్కి తిరక్కుండా,
చెయ్యి మాత్రం చాచి.

మేం దిగేసరికి గాలి తోరణాన్ని దించేస్తున్నారు,
అలసిన ఆవులా అది ఒక పక్కకి ఒరిగిపోతోంది.
పతకాల పెట్టె మూసేశారు.
సూపు అడుగంటింది.
గిన్నెలోకి తొంగిచూసి మెరెరిద్ ముఖం చిట్లించింది:
"మంట తగ్గించాల్సింది."

మర్నాటి ఫలితాల పట్టీలో
ఆమె పేరు పక్కన పూర్తి చేయలేదు అని ఉంది.
నా పేరు ఎక్కడా లేదు.
కోటు జేబులు బల్ల మీద కుమ్మరిస్తే
నూట ఎనభై మూడు ఎర్ర రిబ్బన్లు,
వాటి ముడుల్లో చిక్కుకుని
ఇంకా ఆరని కాస్త ఉన్ని.