ముప్పై సెకన్లు

వారమంతా నేను తీసేవి ఎముకల ఫొటోలు.
గ్లాస్గో ఆసుపత్రిలో, కిటికీ లేని గదిలో
"గాలి పీల్చండి. బిగబట్టండి. కదలకండి."
రోజుకి నలభైసార్లు అంటాను.
అన్న ప్రతిసారీ నా ఊపిరి కూడా ఆగుతుంది.

సెలవు దొరికితే కొండలు.
ఐదు గంటలు కారు నడిపి,
గొర్రెలు దారిచ్చేదాకా రెండుచోట్ల ఆగి,
రోడ్డు ఇక సముద్రంలోకి దిగక తప్పదనుకున్న చోట
ఎల్గొల్.
నీళ్లకవతల కూలిన్ కొండలు.
పేరు విని కూలినవేమో అనుకున్నాను మొదటిసారి.
నిలబడే ఉన్నాయి,
చర్మం ఒలిచిన వెన్నుపూసల్లా.

ఒడ్డున రాళ్లకు తేనెపట్టు కన్నాలు.
అప్పటికే నాలుగు ట్రైపాడ్లు,
ఆర్టీసీ బస్సు సీటు మీద తువ్వాలు విసిరినట్టు
చోటు పట్టుకుని ఉన్నాయి.
నేనూ ఒక రాయి చూసుకున్నాను.
లెన్సుకి నల్లద్దం తగిలించి
ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే
అల అనేది మిగలదు.
అంత రొదా
పెరుగు మీద తేటలా పల్చగా పరుచుకుంటుంది.
జనం గోడకి తగిలించుకునేది అలాంటి సముద్రాన్నే.

షట్టర్ తెరిచాను. ఊపిరి బిగబట్టాను.
అప్పుడొచ్చింది ఆవిడ,
మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, చేతిలో ఎర్ర బకెట్,
నా చిత్రానికి అడ్డంగా
తన పెరట్లో తిరుగుతున్నట్టు.
వెనక ఎవరో నాలుక చప్పరించారు.
బకెట్ కిందపెట్టింది.
వంగింది, రాయి తిప్పింది, నత్తలేరింది,
ఇంకో రాయి,
ఇంకో రాయి,
వెళ్లిపోయింది.

తెర మీద చూస్తే
కొండలున్నాయి. తేట నీళ్లున్నాయి.
ఆవిడ లేదు.
కదిలే మనిషి ముప్పై సెకన్లలో నిలవదు,
నాకు తెలిసిన లెక్కే.
బకెట్ మాత్రం, పెట్టిన చోట కాసేపు ఆగింది కనుక
రాతి మీద కుంకుమ చెయ్యి తుడిచినట్టు
ఒక మరక.

తిరిగొస్తూ చూపించమంది. పేరు ఎఫీ మకినన్.
"బకెట్ నాదే. మరి నేనో?"
కదిలారు కదా, అన్నాను
పేషెంటుతో అన్నట్టు, కాస్త నిష్ఠూరంగా.
ఆవిడ కొండకేసి చూసింది.
"దానికేం, దానికి ఆకలా?
నేను ఆగితే ఇది నిండుతుందా?"
గుప్పెడు నత్తలు నా టోపీలో పోసి,
ఉప్పునీళ్లలో ఉడకబెట్టి
గుండుసూదితో లాక్కుని తినమని చెప్పి
గట్టెక్కింది.

రాత్రి గదిలో ఆ మరక చెరిపేద్దామని కూర్చున్నాను.
ఒక్క నొక్కు చాలు.
టోపీ అంచు దాటి ఒక నత్త
బల్ల మీదకి దిగింది,
కంటికి తెలియనంత మెల్లగా నడుస్తోంది.
కెమెరా అటు తిప్పి ముప్పై సెకన్లు పెట్టాను.
కొద్దిగా చెదిరింది.
కానీ ఉంది.
మిగతావాటిని ఉడకబెట్టలేదు,
తెల్లారి పోటు నీళ్లలో ఒంపేశాను. ఎఫీకి చెప్పలేదు.

సోమవారం, దగ్గుతో ఒక ముసలాయన.
చల్లటి పలకకి ఛాతీ ఆనించి
ఎంతసేపు ఇలా, అనడిగాడు.
రెప్పపాటే, అన్నాను.
గాలి పీల్చండి, అన్నాను.
తరవాతి మాట
వెంటనే రాలేదు.