పదకొండు సెకన్లు

కాలిన మోటారుని నేను ముక్కుతోనే చూస్తాను.
వార్నిష్ మాడిన వాసన చాలు,
ఏ చుట్టు దగ్గర తెగిందో చెప్పేస్తాను.
ఆటోనగర్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా
ఆ వాసనే నా అన్నం.

రోహిణీ కార్తె. షట్టరు ముట్టుకుంటే బొబ్బలెక్కే వేళ
ట్రాలీ ఆటోలోంచి ఒక స్టీలు చట్రం దింపించింది
నాంచారి అనే అమ్మాయి.
"రాగి తీగ చుట్టివ్వాలి బాజీ గారూ,
వెంట్రుక దూరేంత సందు కూడా ఉండకూడదు.
ఇది ఉత్త నమూనా. అసలు తీగ వేరే ఉంది."

అసలు తీగంటే?
"వేడెక్కనిది."

నవ్వాను.
తీగ వేడెక్కకపోతే
నా పిల్లలు ఏం తిని పెరిగేవాళ్లు?

టీ తాగుతూ చెప్పింది.
సూర్యుడి లోపలి మంటని ఒక గుండ్రటి గదిలో
గోడ తగలకుండా నిలబెట్టాలట.
ఏ ఇనుమూ ఆగదు, అయస్కాంతమే గిన్నె.
లోపల పది కోట్ల డిగ్రీలు.
బారెడు ఇవతల, ఈ తీగ దగ్గర,
సున్నాకి కింద రెండొందల అరవై తొమ్మిది.
బయట నలభై ఆరు. నా చూపు మజ్జిగ బండి మీద.

ఆ చలిలో తీగ కరెంటుకి అడ్డు చెప్పదట.
అర్ధరాత్రి బెంజి సర్కిల్ చుట్టూ
ఎర్ర లైటు లేకుండా తిరిగే బండిలా
తిరుగుతూనే ఉంటుందట.

"ఎక్కడైనా గోరంత వేడి పుడితే?"

గ్లాసు కింద పెట్టేసింది.
"అదే మా భయం. ఒక్క చోట అలిగితే చాలు,
చలి మొత్తం బుస్సున ఆవిరైపోతుంది."

ఈ ఒక్క ముక్కా నాకు ముందే తెలుసు.
ఏ మోటారూ ఒళ్లంతా ఒకేసారి కాలదు.

తొమ్మిది రాత్రులు చుట్టాను.
ఇబ్రహీంపట్నం బొగ్గు మండితే వచ్చిన కరెంటు
నా నెత్తి మీద ట్యూబులైటై గీపెడుతుంటే
బొటనవేలితో బిగువు చూసుకుంటూ.
తీసుకెళ్లింది. మర్చిపోయాను.

మూడేళ్లకి ఫోను.
"మీ చెయ్యి పట్టిన బిగువే మేమూ పట్టాం.
నిన్న వెలిగింది బాజీ గారూ!"
ఎంతసేపు?
"పదకొండు సెకన్లు."
ఒక బల్బైనా వెలుగుతుందా దాంతో?
"లేదండీ. వచ్చిందానికంటే మేం పోసిందే ఎక్కువ."
గొంతులో మాత్రం పెళ్లి సందడి.

ఫోన్ పెట్టి, కౌంటరు సున్నాకి తిప్పి,
మనసులో పదకొండు లెక్కపెడుతూ హ్యాండిల్ తిప్పాను.
పద్దెనిమిది చుట్లు.

బల్ల మీద మైలవరం రైతు
మిరప నారు ఎండుతోందని మూడోసారి గుర్తు చేశాడు.
ఇంకా రెండొందల పన్నెండు ఉన్నాయి.