విప్పేవాళ్ళు

జూన్. హిరొసాకి కొండవాలు తోటల్లో
ఆపిల్ పిందెలకి కాగితం సంచులు కడుతున్నారు.
నేను మూడో అంతస్తులో
ఎలుక కడుపులోంచి కడిగి తీసిన మాస్ట్ కణాల ముందు కూర్చున్నాను.

వీటివీ సంచులే. ఒక్కో కణంలో వందలు,
ప్రతి సంచి నిండా హిస్టమిన్.
కబురందగానే సంచి పొర వచ్చి కణం పొరని తాకాలి,
పులుసు మీద రెండు నూనె చుక్కల్లా ఒకటైపోవాలి,
లోపలున్నది బయట పడాలి.
ఇంతే.
ఈ ఇంతే కోసం ఎన్ని ప్రోటీన్ల మెడలో
భాస్వరం ముడి పడాలో, ఎన్నిటికి ఊడాలో
ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు.

ముడి వేసే ఎంజైములకి పుస్తకాల్లో అధ్యాయాలున్నాయి.
విప్పే ఫాస్ఫటేజులకి
పేజీ అడుగున చిన్నక్షరాలు.
"అవి దీపం ఆర్పే చేతులమ్మా చిగుసా" అన్నారు
ప్రొఫెసర్ సొమా, నేను చేరిన రోజున.
నేనేం అనలేదు.
తాళ్ళ మధ్య పుట్టినదాన్ని.
ముడి విప్పందే ఏ పడవా రేవు వదలదని
మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

ఈ రోజు కణాల మీద ఒకడాయిక్ ఆమ్లం వేశాను,
పిపెట్ కొనకి అంటినంత.
విప్పే చేతులు ఆగిపోయాయి.
కబురు పంపాను. మళ్ళీ పంపాను.
హిస్టమిన్ గీత నేల మీద చతికిలబడి లేవలేదు.
చచ్చాయేమోనని నీలం రంగు వేసి చూశాను:
బతికే ఉన్నాయి, రంగుని లోపలికి రానివ్వకుండా,
సరుకుని బయటికి పోనివ్వకుండా.

సాయంత్రం హిరనాయ్ నుంచి నాన్న ఫోను.
"స్కాలప్ అమ్మకం ఆపించేశారు. విషం హద్దు దాటిందట.
కంటికానని పురుగేదో నీళ్ళలో తయారుచేస్తుందట,
చిప్పలు దాన్నే తాగి కూర్చున్నాయట.
ఆ పేరొకటీ, నోరు తిరగడంలేదు."

నాకు తిరుగుతుంది. చెప్పాను.
అదే ఇక్కడ మా ఫ్రీజర్లో ఉందని కూడా చెప్పాను,
ఇరవై అయిదు మైక్రోగ్రాములు,
సీసా అడుగున ఉందో లేదో అన్నట్టు.

"ఎంతకి కొన్నారు?"

చెప్పాను.
అవతల గాలి. పడవకి కొక్కెం కొట్టుకుంటున్న చప్పుడు.
తర్వాత నవ్వు, దగ్గు దాకా సాగిన నవ్వు:
"అయితే ఈ ఏడు మేం కోటీశ్వరులం.
అఖాతం నిండా అదే. మీ సారుకి చెప్పు,
టన్నుల లెక్కన తోలిస్తాం."

నవ్వాగాక అడిగాడు, "ఇంతకీ అది లోపల ఏం చేస్తుంది?"
"విప్పనివ్వదు నాన్నా."
"ఓహో," అన్నాడు. కాసేపాగి,
"మరి కష్టమే," అన్నాడు.
అమ్మకం లేకపోయినా పొద్దుటి నుంచి
పదకొండు తాళ్ళు విప్పి, నాచు గీకి, ఎండేశాడట.
గోళ్ళ సందున ఉప్పు మండుతోందట.

ఫోను పెట్టేసి నోటుబుక్కులో తేదీ వేశాను.
కణాలు: తొంభై రెండు శాతం సజీవం.
విడుదల: లేదు.
రేపు మళ్ళీ చేయాలి.