లైన్ క్లియర్

విడవలూరులో రొయ్యల మేత కొట్టు పైన నా గది.
మేత వాసన నాకంటే ముందే మెట్లెక్కి
కుర్చీలో కూర్చుంటుంది.

ఈ నెల నేను రాస్తున్నది
చేతులు లేని పాఠకుడి కోసం.
ఎక్కడో చల్లటి హాల్లో వరసగా సర్వర్లు.
రాత్రుళ్ళు అక్కడ మనిషి ఉండడు.
ఒకటి బిగుసుకుపోతే
ఏజెంటనే ఆ మరబుద్ధి
దూరం నుంచే దాని కరెంటు తీసి, మళ్ళీ ఇవ్వాలి.
ఆ పనిముట్టుకి వాడుక పత్రం కావాలి.
మాటలు నాలుగే: ఆన్, ఆఫ్, రీసెట్, స్టేటస్.
"మూడు పేజీలు దాటొద్దు" అన్నారు కంపెనీ వాళ్ళు.

'ఆఫ్' కింద రాశాను:
"ఈ ఆదేశం సర్వర్‌ను ఆపుతుంది."
నిజమే.
కత్తి కోస్తుంది అన్నంత నిజం.
ఆ తర్వాత వాక్యం రాలేదు.

వచ్చింది మాత్రం కరెంటు కోత.
చీకట్లో చెరువుల మీద ఏరియేటర్లు
ఒక్కొక్కటే తెడ్లు దించేశాయి.
ఇంకాసేపైతే రొయ్యలు గట్టు వారకు చేరతాయి,
గట్టు మీద మనుషులు ఫోన్లకు చేరతారు.
నేనూ చేశాను సబ్‌స్టేషన్‌కి.
"ఫీడరు ఎల్సీలో ఉందిమ్మా" అన్నాడు కరీముల్లా,
"పెంచలయ్య స్తంభం మీదుండాడు."
ఎంతసేపు?
"ఆయన దిగిందాకా."

మర్నాడు పోయి రిజిస్టరు చూపించమన్నాను.
నూనె మరకల అట్ట, తాడుకు కట్టిన పెన్ను.
ఎవరు తీసుకున్నారు, ఏ లైను, ఏ గంటకి,
ఎవరు తిరిగిచ్చారు.
తీసుకున్న పేరే ఇచ్చిన చోటా ఉండాలి.
ఎన్నేళ్ళ పేజీలు తిప్పినా అదే జత,
ఒకే చేతి రెండు సంతకాలు,
రెండోది కొంచెం వంకరగా, చెమటతో.

"ఒక రాత్రి ఫోనొచ్చింది" అన్నాడు.
"పనైపోయింది, లైన్ ఇచ్చెయ్ అబ్బయా, అని.
గొంతు పెంచలయ్యదే.
చెయ్యి స్విచ్ దాకా పోయింది.
ఎందుకో అడిగినా, ఎల్సీ నంబరెంత? అని.
అవతల పెట్టేశాడు.
ఎవరిదో చెరువు. రొయ్యలు పోతున్నాయి పాపం.
పెంచలయ్య ఇంకా పైనే ఉండాడు, బీడీ వాసనొస్తా."

పెంచలయ్య నవ్వలేదు.
"ఆఫ్ అంటే నేను నమ్మను" అన్నాడు.
"రాడ్డు తగిలించి, తీగనే అడగతా."

ఆ రాత్రి నాలుగు పేజీలయ్యాయి.
స్టేటస్ 'ఆఫ్' అంటే స్విచ్ చెప్పిన మాట,
తీగ చెప్పిన మాట కాదు, ఇంకోసారి అడుగు.
పలకని యంత్రమంతా చచ్చినది కాదు,
లోపల ఏదో రాసుకుంటూ ఉండొచ్చు, వేచి చూడు.
దాని మూత తీసి ఎవరైనా
చెయ్యి లోపల పెట్టి ఉండొచ్చు.
తొందర చేసే గొంతుని నంబరడుగు.
భయం అనే మాట రాసి, కొట్టేసి,
అరవై సెకన్లు అని రాశాను.
దానికి భయం తెలీదు, లెక్క తెలుసు.

పరీక్ష రోజు నేనే టైపు చేశాను:
పనైపోయింది, ఏడో సర్వర్ ఆన్ చెయ్, అర్జెంటు.
కర్సర్ కాసేపు కొట్టుకుంది.
"ఈ సర్వర్ మరమ్మతులో ఉంది.
తీసుకున్నవారి అనుమతి సంఖ్య ఏది?"
నా దగ్గర లేదు.
ఆ చెరువాయనలాగే
మాట్లాడకుండా మూసేశాను.

నాలుగో పేజీ తీసెయ్యమని కంపెనీ ఇంకా అడుగుతోంది.

కరీముల్లాకి చెబితే ఎరేటెడ్ నీళ్ళలా పొంగుతాడనుకున్నా.
గోడ మీద మీటర్లు చూస్తూ అన్నాడు:
"అదంతా సరేమ్మా.
తప్పు జరిగిన్నాడు
సంతకం యాడ పెడతాదంట అది?"

తాడుకు వేలాడుతూ పెన్ను
ఫ్యాను గాలికి అటూ ఇటూ ఊగుతోంది.