మడతలో ఉంచిన గుడ్డ

కూర్మనాయకులు బాబు టేపు తెచ్చినాడు.
ఉక్కు టేపు, లాగితే గీరుమంటాది.
గోడ కాడ కొస పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను.
పిల్ల పడుకునే చోటు ఎంతుందో రాసుకున్నాడు,
కిటికీ రాసుకున్నాడు,
మరుగుదొడ్డి తలుపు గడియ
రెండుసార్లు లాగి సూసినాడు.

నా మెడలో నా టేపున్నాది, పసుపుది.
ఇరవయ్యేళ్లుగా పాతపట్నం జాకెట్లన్నీ అదే కొలిసింది.
మొదటి అంగుళం అరిగిపోయింది,
అందుకే రెండు కాడ మొదలెట్టి
ఆఖర్న ఒకటి తీసేస్తాను.
ఆ లెక్క బాబుకి సెప్పలేదు.

టికిలి మిషను కింద కూకుని
రాలిన పీలికలు ఏరుతున్నాది.

వాళ్లమ్మ కుంతలది పర్లాకిమిడి.
పలాస జీడిపిక్కల కాడ సేతులు కాల్చుకుని
ఆదివారం ఆదివారం నౌపడ బండిలో వొచ్చి
నా కొట్లో కాజాలు కుట్టేది.
జీడి మరకల వేళ్లు,
గుడ్డకి అంటకుండా పీలిక సుట్టుకుని మరీ కుట్టేది.
కామెర్లు ముదిరి బరంపురం పెద్దాసుపత్రికి పోతా
"రెండ్రోజులు పిల్లని సూడు, అపా" అన్నాది.
వాళ్ల అపా, మన అప్పా ఒకటే మాట.
ఆ రెండ్రోజులకి ఇప్పుడు మూడేళ్లు.

ఇక్కడి ఆఫీసులో ఏటన్నారంటే,
పిల్ల పుట్టిన కాయితం అవతలిది గావున
అవతలి కమిటీ ఊఁ అనాలట.
అవతల పాణిగ్రాహి మేడం మంచి మనిసే, కుర్సీ ఏసింది.
ఇల్లు ఇవతలిది గావున
ఇవతలోళ్లే ఒచ్చి సూడాలన్నాది.
ఈ ఫారానికి సాక్షులిద్దరు,
ఆ ఫారానికి ముగ్గురు, ఒక్కరూ సుట్టం కాకూడదు.
ఇక్కడ "ఒంటరి" అని రాస్తే సరిపోయింది,
అక్కడ ఎందుకు ఒంటరో పేజీ నిండా రాయమన్నారు.
రాయించినాను. ఒడియాలో సదివి ఇనిపించినారు.
సంతలో మాటాడే ఒడియా కాదది.
నా మొగుడు పోయిన సంగతి
ఇంకెవరికో జరిగినట్టున్నాది.

ఏరుకి హద్దులేటి అంటారు సదువుకున్నోళ్లు.
మహేంద్రతనయ పక్కన ఇల్లు లేనోళ్ల మాట అది.
వరదొచ్చిన ఏడు, ఏ గట్టోళ్లకి ఎవరు బియ్యమియ్యాలో
తేలేదాకా తడిసి కూకున్నాం.

కాయితాలంటే నాకు కోపం లేదు బాబూ.
పిల్లని ఎవరు పడితే వాళ్ల సేతిలో పెట్టకూడదు.
గడియ రెండోసారి లాగినోడు
నాకు నచ్చినాడు కూడా.
ఒక్కటే అడగాలనిపించింది, అడగలేదు:
రెండు టేపులున్న కాడ
ఏ టేపు అంగుళం అరిగిందో
ఎవరు సూస్తారు?

ఆఖరి గడిలో ఉన్నాది,
పిల్లకు మీరు ఏమవుతారు అని.
బాబు కలం ఎత్తి నాకేసి సూసినాడు.
"అప్పని" అన్నాను.
"ఈ పాపకా?"
"వాళ్లమ్మకి."
అడ్డగీత కొట్టినాడు. తల దించుకునే కొట్టినాడు.
టీ సల్లారిపోయింది, అలాగే తాగీసినాడు.
నెల పడతాదన్నాడు. మెట్టు దిగినాక
రెండైనా పట్టొచ్చన్నాడు.

రాత్రి టికిలి నీలం గౌను అంచు విప్పినాను.
కుట్టిన రోజున నాలుగేళ్ల మడత వదిలినాను,
సేతి వేళ్లే, సంవచ్చరాలు కాదు.
మొదటి ఫారం ఇచ్చిన నెల ఒక వేలు విప్పినాను,
పోయిన వానలకి ఇంకోటి.
ఎండ తగలని గుడ్డ అడుగున ముదురుగా ఉంటాది,
అందుకని ఆ గౌనుకి ఇప్పుడు మూడు నీలాలు.
టికిలి వాటి మీద వేలెట్టి ఒక్కోటీ లెక్కెడతాది,
ఒకసారి మన లెక్కలో, ఒకసారి వాళ్లమ్మ లెక్కలో.

ఈ రోజుది మూడో వేలు.
దారం పళ్లతో తెంపినాను.
ఇంకొక వేలెడు గుడ్డున్నాది.